మాస్టారింటి వైఫై

పాత పాస్‌వర్డ్ ఇవ్వమంటోంది. తెర మీద చిన్న తెల్లగడి, అందులో మినుకుమినుకుమంటూ ఒక గీత. అదిస్తేగానీ కొత్తది పెట్టుకోనివ్వదట. సబీహా ఆ గడి వైపు చూస్తూ కూర్చుంది. పాతదేముంది, మోడెం బిగించిన రోజున లైన్‌మన్ పెట్టి వెళ్ళిందే, అడ్మిన్, మళ్ళీ అడ్మిన్, బందరులో ఏ ఇంటి మోడెంకైనా అదే. మార్చుకోండమ్మా అని అతను చెప్పనే చెప్పాడు. చూద్దాంలే అనుకుంది, పొయ్యి మీద పాలున్నాయి, తర్వాత స్కూలు, తర్వాత వంట, ఆ తర్వాత మర్చిపోయింది. కాన్వెంటులో ఎనిమిదో తరగతికి తను బోర్డు మీద రాసి మరీ చెప్పే పాఠం, పాస్‌వర్డ్ అంటే ఇంటి తాళంచెవి లాంటిది, సొంత పేరు పెట్టకూడదు, పుట్టినరోజు పెట్టకూడదు, స్నేహితులకి కూడా ఇవ్వకూడదు, పిల్లలు ఏకకంఠంతో చదివేవాళ్ళు, కిటికీ అద్దాలు అదిరేవి. ఇప్పుడా పాఠం ఇంకొకావిడ చెబుతోంది. కొన్నాళ్ళు లైబ్రరీ చూసుకోండి మేడమ్, కంప్యూటర్ ల్యాబ్ వైపు ఎందుకు, పేరెంట్స్ ఏదో ఒకటి అంటారు, అన్నాడు కరస్పాండెంట్, ఎంతో మర్యాదగా, కుర్చీలోంచి సగం లేచి. లైబ్రరీ అంటే రెండు బీరువాలు. వాటికి తాళాలున్నాయి.

అడ్మిన్ అని కొట్టింది. మళ్ళీ అడ్మిన్. తెర రంగు మారింది, లోపలికి రానిచ్చింది. ఎంత తేలిక.

కంప్యూటర్‌ని పోలీసులు నిన్ననే తెచ్చి ఇచ్చారు. గోనెసంచిలో చుట్టి, పాత ఇనుము తెచ్చినట్టు జీపు వెనకాల పడేసి తెచ్చి వరండాలో దించారు. సంతకం చేయించుకుని వెళ్ళారు. ఒక పక్క రేకుకి స్క్రూలు లేవు. ముందు భాగాన ఒక నంబరు కాయితం అంటించి ఉంది, గోటితో గీకితే కాయితం వచ్చింది, బంక రాలేదు, కొబ్బరినూనె పెట్టి రుద్దింది, అయినా అక్కడ చెయ్యి పెడితే వేలికి అతుక్కుంటోంది. లోపల అన్నీ ఉన్నాయి. అన్నీ ఉన్నాయంటే అన్నీ చూశారని. ఆయన టైపు చేసుకున్న పద్యాలు, తన చెల్లెలి పెళ్ళి ఫొటోలు, మెహెందీ పెట్టుకున్న చేతులు, తలమీద కొంగు లేకుండా నవ్వుతున్న ఆడవాళ్ళు, మంగినపూడి సముద్రంలో మోకాళ్ళ దాకా తడిసిన తను. ఆ ఫొటో ఎవరు తీశారని ఆయన్ని అడిగారట. నేనే తీశానండీ అన్నారట. సముద్రాన్ని ఎందుకు ఫొటోలు తీస్తున్నావని అడిగారట. ఆ ఫొటో ఇప్పుడు మళ్ళీ చూడబుద్ధి కావడం లేదు. తన మోకాళ్ళు తనవి కానట్టున్నాయి. ఒకరు దొంగచాటుగా లోపలికొచ్చి వాడుకుని పోయారు, ఇంకొకరు దర్జాగా వచ్చి పెట్టెలన్నీ తెరిచి చూసి పోయారు. తాళం ఎవరి కోసం వెయ్యాలో, ఎటువైపు వెయ్యాలో ఏ పాఠంలోనూ లేదు.

వరండాలో కుర్చీ కిర్రుమంది. తాహిర్ కదిలినట్టున్నాడు. నెల క్రితం దాకా ఆ కుర్చీ వీధి వైపు తిరిగి ఉండేది. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని అందులో కూర్చుంటే వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ మాస్టారూ బాగున్నారా, మాస్టారూ మావాడు చదువుతున్నాడా, మాస్టారూ మా మనవడికి పేరు చెప్పండి. తాముండే ఈడేపల్లిలో పాతిక ఇళ్ళలో పిల్లల పేర్లు ఆయన పెట్టినవే. తిథీ నక్షత్రం మీ పంతులు గారిని అడగండి, అక్షరం తెచ్చుకోండి, పేరు నేనిస్తాను అనేవాడు. ఇప్పుడు కుర్చీని ఇంటి వైపు తిప్పుకున్నాడు. వీధికి వీపు పెట్టి, గోడకున్న మీటరు వైపు చూస్తూ కూర్చుంటున్నాడు. ఎవరూ పలకరించడం లేదనుకోవాల్సిన అవసరం లేకుండా.

వైర్‌లెస్ అని ఉన్న చోట నొక్కింది. రక్షణ, లేదు. అలాగే రాసి ఉంది, ఏ రక్షణా లేదని. ఆ మాట తను పెట్టిందే. మోడెం వచ్చిన వారానికి గోడ మీంచి నాగేశ్వరరావు తల కనిపించింది, పక్కింటాయన, ముదినేపల్లి వైపు చేపల చెరువులున్నాయి, మాట పెద్దగా ఉంటుంది, మనసు మంచిదే అని అందరూ అంటారు. అమ్మా సబీహా, మీ నెట్టు మా సంజన గదిలోకి కూడా వస్తోందటమ్మా, ఏదో తాళం అడుగుతోందట, తీసేద్దురూ, మాటిమాటికీ మిమ్మల్నేం విసిగిస్తుంది, అన్నాడు. తాహిర్ ఆ మాటకి ఎంత సంబరపడ్డాడో. తీసెయ్ సబీహా, గాలిలో పోయేదానికి తాళమేమిటి, బావిలో నీళ్ళ లాంటిదే కదా అన్నాడు. తీసేసింది. తర్వాత ఎంసెట్ ఫలితాలొచ్చిన రోజున వీధి పిల్లలంతా ప్రహరీ గోడ పొడుగునా చేరారు, ఒక్క ల్యాప్‌టాప్ చుట్టూ పది తలకాయలు, ర్యాంకు చూసుకుని ఒకడు గోడెక్కి దూకితే తాహిర్ లోపలి నుంచి బందరు లడ్డూల పొట్లం తెచ్చి పంచాడు. ఆ సాయంత్రం ఎవరో మాస్టారింటి నెట్ అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. మా కాలేజీ వాళ్ళ నెట్ కంటే మాస్టారింటి నెట్టే స్పీడు ఆంటీ అనేది సంజన.

సంజన. ఆ పిల్ల ఆరో తరగతిలో ఉండగా పద్యాల పోటీకి తాహిరే తయారు చేశాడు. వరండాలో ఎదురుగా నిలబెట్టి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ అక్షరం మీద ఆగకూడదో చేత్తో తాళం వేస్తూ చూపించేవాడు. పొట్టి గౌను, రెండు జడలు, ముక్కు తుడుచుకుంటూ గణగణ చదివేది. గుడివాడలో జిల్లా పోటీకి తనే తీసుకెళ్ళాడు, ప్యాసింజర్ రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి దారంతా చదివించాడట, బోగీలో వాళ్ళు పని మానుకుని విన్నారట. కప్పు పట్టుకుని వచ్చింది. కప్పు వాళ్ళింట్లో టీవీ మీద ఉంది. ఇప్పుడు గుడివాడ దగ్గరే ఏదో ఇంజనీరింగ్ కాలేజీ, రెండో ఏడు. మొదటి ఏడు లెక్కల పేపరు ఇంకా ఉండిపోయిందని వాళ్ళమ్మ కనకదుర్గ గోడ దగ్గర చెప్పుకుని బాధపడేది. లెక్కలకి మాస్టారు పనికిరారు కదమ్మా అని నవ్వేవాడు తాహిర్.

వచ్చింది పొద్దున పూట. ఆయన స్కూలుకి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. గేటు చప్పుడైతే ఎవరి తండ్రో అనుకుంది. లోపలికొచ్చినాయన బూట్లు విప్పలేదు. నీ పేరు? తాహిర్ అండీ, హైస్కూల్లో తెలుగు పండిట్‌ని. తెలుగా? అవునండీ. తెలుగెందుకు? పాతికేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న. ఏదో కాలేజీకి మెయిల్ వెళ్ళింది, పరీక్ష హాల్లో బాంబు ఉందని. ఆ ఏడంతా టీవీలో ఏదో ఒక ఊళ్ళో పేలుళ్ళు, ఆసుపత్రి గేట్ల దగ్గర చెప్పులు, ఏడుపులు. మెయిల్ ఏ కనెక్షన్ నుంచి వెళ్ళిందో పట్టుకున్నారు. ఆ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో చూశారు. పేరు చూశాక ఇంకేమీ చూడక్కర్లేదనుకున్నారు. ఆయన్ని ఉన్నపళంగా బనియన్ మీదే తీసుకెళ్తుంటే తను పరుగెత్తుకెళ్ళి హ్యాంగరుకున్న పాత చొక్కా ఒకటి జీపులోకి విసిరింది. లోపలికొచ్చేసరికి పొగ. ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. దాని ఆకారంలో గోధుమరంగు మచ్చ, నడిమధ్యన బొక్క.

వీధిలో తలుపులు వేసేసిన చప్పుళ్ళు వరసగా వినిపించాయి. గట్టిగా కాదు, మెల్లగా, వినపడకూడదనుకుంటూ వేసిన చప్పుళ్ళు. కనకదుర్గ వంటింటి కిటికీ ఈ పెరట్లోకే తెరుచుకుంటుంది, తెల్లారినప్పటి నుంచి పొద్దుపోయేదాకా అది తెరిచే ఉంటుంది, ఆ కిటికీ మూసి ఉండగా చూడడం అదే మొదటిసారి. మధ్యాహ్నానికి కేబుల్ టీవీలో తమ గేటు వచ్చింది. బందరులో కలకలం అని ఎర్ర అక్షరాలు. గేటు వెనకాల దండెం, దండెం మీద తన నైటీ, ఆయన లుంగీ, గాలికి ఊగుతూ. ఆ బొమ్మే మళ్ళీ మళ్ళీ వేశారు. తను దండెం దగ్గరికి పరుగెత్తి బట్టలు తీసేసింది. టీవీలో మాత్రం అవి ఊగుతూనే ఉన్నాయి.

స్టేషన్లో ఏం జరిగిందో ఆయన పెద్దగా చెప్పలేదు. ఒకటే చెప్పాడు. ఎప్పుడైనా బయటికి వెళ్ళావా అని అడిగారట. హంసలదీవి దాకా వెళ్ళానండీ అన్నాడట. నిజమే చెప్పాడు పాపం. మొదటి ఉద్యోగం అటువైపే, దివిసీమ చివర, ఇక భూమి అయిపోయి కృష్ణ సముద్రంలో పడేచోట. జాలరి పిల్లలు తడిసిన నిక్కర్లతో బడికొచ్చేవాళ్ళు, మడ చెట్ల మధ్య నుంచి పడవ మీద వెళ్ళి పిల్లల్ని బడికి పిలుచుకొచ్చేవాడు, జీవితంలో ఆయన వెళ్ళిన చోట్లన్నిటికంటే దూరం అదే. ఎగతాళి చేస్తున్నావా అని కొట్టారట. ఎడమ చెంప మీద. ఆ మాట చెప్పి, వాళ్ళడిగింది దేశం బయటికని నాకర్థం కాలేదు సబీహా, తప్పు నాదే అన్నాడు. వాక్యం అర్థం చేసుకోకుండా జవాబు రాశానన్నట్టు. తనకి ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదే. ఇంత మెత్తగా ఎలా పుట్టాడో ఈ మనిషి.

మర్నాడు మధ్యాహ్నం పెరటి గుమ్మంలో నీడ పడింది. సంజన. కళ్ళు వాచిపోయి, జుట్టు చిందరవందరగా. ఆంటీ, అన్నం తిన్నారా అంది. ఆ మాటకి తనకి ఏడుపొచ్చింది, రెండు రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. తినలేదమ్మా అంది. ఆంటీ, నేనే అంది సంజన. ఏం నువ్వే? ఆ మెయిల్. తలుపు పట్టుకుని నిలబడింది. లెక్కలు ఏమీ రాలేదాంటీ, ఈసారి కూడా పోతే నాన్న చదువు మాన్పించేస్తానన్నారు, వాయిదా పడితే చాలనుకున్నా, వాళ్ళు మీ ఇంటికొస్తారనుకోలేదు. తను అడిగింది, మరి ఎవరింటికి వస్తారనుకున్నావే? అంత దూరం ఆలోచించలేదు ఆ పిల్ల. మంచానికి కిటికీ వైపు కూర్చుంటేనే సిగ్నల్ అందుతుందట, అక్కడే కూర్చుని, దుప్పటి కప్పుకుని, దొంగ పేరుతో ఒక మెయిల్ పెట్టె తెరిచి. ఈ గోడకి అటుపక్కన. తను ఇటుపక్కన అప్పుడు ఏం చేస్తోందో, బహుశా చింతపండు నానబెడుతోంది.

చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి నడిపించుకు వెళ్ళింది. నాగేశ్వరరావు విన్నాడు. ముందు కూతుర్ని కొట్టాడు. తర్వాత వీధి తలుపు వేశాడు. తర్వాత, కూర్చోమ్మా సబీహా అన్నాడు. ఆ వరసే తనకి బాగా గుర్తుంది. కనకదుర్గ నేల మీద కూలబడి, రెండు చేతులూ జోడించి, వదినా, వదినా అనడం తప్ప ఇంకేమీ అనడం లేదు. తమకి ఏ చుట్టరికమూ లేకపోయినా సంజన పుట్టకముందు నుంచీ అదే పిలుపు. నాగేశ్వరరావు నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని అన్నాడు.

"సాయంత్రానికల్లా మాస్టారు ఇంట్లో ఉంటారమ్మా. నాకు తెలిసినవాళ్ళున్నారు, అదంతా నేను చూసుకుంటాను. పిల్ల పేరు మాత్రం బయటికి రాకూడదు. ఆడపిల్ల. కేసంటూ పడితే ఇంక దాని బతుకేముంటుంది?"

"మరి ఆయన పేరండీ?"

"మాస్టారి పేరుకేమవుతుందమ్మా? ఆయన్ని ఈ ఊళ్ళో ఎరగనిదెవరు?"

ఎరగనివాళ్ళు ఎవరూ లేరు. అందుకే తలుపులు అంత నెమ్మదిగా వేసుకున్నారు. కానీ అప్పుడు తన బుర్రలో ఒక్కటే, సాయంత్రం. సాయంత్రానికల్లా. ఆ బనియన్ మీద పాత చొక్కా తొడుక్కుని ఆయన గేటు తీసుకుని రావాలి, అంతే, ఇంకేమీ అక్కర్లేదు, పేరు గీరు తర్వాత చూసుకోవచ్చు. సరేనంది. ఇప్పుడు ఆలోచిస్తే నాగేశ్వరరావు అడిగింది ఎంత తేలిగ్గా ఇచ్చేసింది అనిపిస్తుంది, కానీ ఇప్పుడు ఆలోచించే ఈ సబీహా భర్త వరండాలో ఉన్నాడు, అప్పటి సబీహా భర్త లాకప్పులో ఉన్నాడు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు వాదించుకోలేరు.

చెప్పినట్టే సాయంత్రానికి వచ్చాడు, నాగేశ్వరరావు కారులో, ముందు సీట్లో. వీధంతా చూసింది. నాగేశ్వరరావు పెద్దమనసు గురించి చాలా రోజులు చెప్పుకున్నారు, పక్కింటాయన కోసం, అందులోనూ అలాంటి కేసులో, ఎవరొస్తారండీ ఈ రోజుల్లో అని. గుర్తుతెలియని వ్యక్తులు ఎవరో తాళంలేని నెట్‌ని వాడుకున్నారని కాయితాల మీద రాసుకుని మూసేశారు. రాసిందెవరో ఆయనకి తను ఆ రాత్రే చెప్పింది. పేపర్లో పట్టుకెళ్ళినప్పుడు పెద్ద అక్షరాలు పడ్డాయి. వదిలేసినప్పుడు ఏమీ పడలేదు. గుర్తుతెలియని వ్యక్తి రోజూ తమ గేటు ముందు నుంచే వెళ్ళి కాలేజీ బస్సెక్కేది, తల వంచుకుని. హెడ్‌మాస్టర్ ఫోన్ చేశాడు, కొన్నాళ్ళు సెలవు పెట్టండి మాస్టారూ, గొడవ సద్దుమణగనీండి, నాకేమీ లేదు, పేరెంట్సే. రేపు సోమవారం. సెలవు అయిపోయింది. ఆయన రేపు స్కూలుకి వెళ్తాడో లేదో అడగడానికి తనకి ధైర్యం చాలడం లేదు.

కొత్త పాస్‌వర్డ్. గడి ఖాళీగా ఉంది. పేరు పెట్టకూడదు. పెట్టదగ్గ పేర్లు మాత్రం ఏమున్నాయి, అన్నీ అందరికీ తెలిసినవే, ఈ వీధిలో ఎవరి వంటింట్లో ఏ చిల్లుగిన్నె ఉందో అందరికీ తెలుసు. కళ్ళు మూసుకుని వేళ్ళు ఎటు పడితే అటు కొట్టింది, అక్షరాలు, అంకెలు, మధ్యలో చుక్కలు, ఎవరూ పలకలేని మాట, ఏ భాషలోనూ అర్థం లేనిది. చూసి ఒకటికి రెండుసార్లు మనసులో అనుకుంది. బిడ్డకి పేరు పెట్టినట్టు కాకుండా, ఎవరినో తిట్టినట్టుంది. భద్రపరచు అన్న చోట నొక్కింది. మోడెం దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ఒకటి వెలిగింది. రెండోది. మూడోది కాసేపు కొట్టుకుని నిలబడింది. గోడ అవతల, మంచానికి కిటికీ వైపు, ఇప్పుడు ఏమీ అందదు. తనకి సంతోషం కలుగుతుందనుకుంది. కడుపులో ఖాళీగా ఉంది, అంతే. పొద్దున కూడా సరిగ్గా తినలేదు.

అనుకున్నంతసేపు పట్టలేదు. పెరట్లోంచి కనకదుర్గ గొంతు. కార్తీకమాసం, ఆదివారం, గుడికి బయల్దేరబోతున్నట్టుంది, తలారా స్నానం చేసి జుట్టుకి తడి తువ్వాలు చుట్టుకుని గోడ మీద చేతులానించి నిలబడింది.

"వదినా, నెట్ పోయిందా? సంజన కొట్టుకులాడుతోంది. వాయిదా పడ్డ పరీక్ష రేపేనమ్మా, హాల్ టికెట్ ఇంకా తీసుకోలేదు."

వాయిదా పడ్డ పరీక్ష. ఆ మాటని అంత మామూలుగా, వాన పడి వాయిదా పడినట్టు. సబీహా పెరటి మెట్టు మీద నిలబడి చూసింది. ఈమెకి నిజంగా గుర్తులేదా, గుర్తుండీ నోరు అలా వచ్చిందా? బహుశా తల్లులు అలాగే బతకాలేమో, జరిగిందాన్ని ఉతికి, పిండి, ఆరేసి, మడతపెట్టి.

"పోలేదు వదినా. తాళం వేశాను."

"ఓస్ అంతేనా. అయితే అదేంటో చెప్పమ్మా, రాసుకుంటుంది."

"చెప్పను."

కనకదుర్గ మొహంలో నవ్వు ఇంకా కాసేపు అలాగే ఉండి, తర్వాత వెళ్ళిపోయింది. తువ్వాలు సర్దుకుంది. "నెట్ సెంటర్‌కి పంపాలంటే కోనేరు సెంటర్ దాకా వెళ్ళాలి. ఆదివారం తీస్తారో లేదో," అంది. "పిల్ల మీద ఇంత కక్ష పెట్టుకుంటావనుకోలేదు వదినా. మా ఆయన ఆ రోజు పడ్డ తిప్పలు నువ్వు మర్చిపోయినా దేవుడు మర్చిపోడు," అంది. సబీహా ఒక మెట్టు దిగింది. ఏదో అనాలి, ఈ నెలంతా పళ్ళ బిగువున అణచిపెట్టిందంతా ఇప్పుడు గోడ మీద పెట్టి కొట్టాలి, వీధి మొత్తం వినేలా. నోరు తెరిచింది.

"సబీహా," అని లోపలి నుంచి తాహిర్ పిలిచాడు. "అమ్మాయిని రమ్మను. నేను తీసిస్తాను."

తల్లీ కూతుళ్ళు వీధి వైపు నుంచి వచ్చారు. తాహిర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు, వాళ్ళు తిరిగి తెచ్చాక అదే మొదటిసారి దాన్ని తాకడం. బంక ఉన్న చోట వేలు పడింది, చూసుకుని లుంగీకి తుడుచుకున్నాడు. నంబరు చెప్పమ్మా అన్నాడు. సంజన తల్లి వైపు చూసింది, కనకదుర్గే చెప్పింది. తెర మీద హాల్ టికెట్ వచ్చింది, దాని మీద సంజన ఫొటో, బెదిరిన కళ్ళు, ఎప్పుడో కాలేజీలో చేరినప్పటిది. ప్రింటర్ చాలా రోజులుగా వాడక గురగురలాడుతూ కదలనంది. నలుగురూ దాని వైపే చూస్తూ నిలబడ్డారు. అప్పుడు తాహిర్, ప్రింటర్ వైపు చూస్తూనే, పాఠం మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు మాట్లాడాడు.

"నీ మెయిల్ నా చేత రాయించారమ్మా స్టేషన్లో. తెల్లకాయితం ఇచ్చి, వాళ్ళు చదువుతుంటే రాయమన్నారు. నువ్వు చేసిన తప్పులే నేనూ చేస్తానేమోనని. నాకా, చేతికి అలవాటైపోయింది కదా, తప్పు కనిపిస్తే దిద్దేస్తాను. సరిగ్గా రాశాను. తప్పించుకోవడానికి సరిగ్గా రాస్తున్నావని మళ్ళీ రాయమన్నారు. తప్పులతో రాశాను. చూశావా, తప్పులు నీవే అన్నారు. అలా ఎన్నిసార్లు రాశానో. నాకు కంఠతా వచ్చేసిందమ్మా."

సబీహాకి తెలియదు ఇది. ఈ నెలలో ఒక్కనాడూ ఆ మనిషి ఈ మాట చెప్పలేదు. తాహిర్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. పద్యం చదివేముందు అలాగే కూర్చుంటాడు, చెయ్యి కొంచెం ఎత్తి. చదివాడు. "రెస్పెక్టెడ్ సార్, ఐ యామ్ టెల్లింగ్ యు దట్ బాంబ్ ఈజ్ కెప్ట్ ఇన్ ద ఎగ్జామ్ హాల్." ఆయన ఇంగ్లీషు ఎప్పుడూ అంతే, ప్రతి అక్షరాన్నీ పూర్తిగా పలుకుతాడు, ఒత్తుల్ని ఒత్తుల్లాగే. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ తీసుకున్నాడు. ఎక్కడ ఆగకూడదో ఆగలేదు. పరీక్ష పెడితే అందరూ చచ్చిపోతారన్న చోట గొంతు పెంచలేదు, తగ్గించలేదు. చివర్లో థాంక్యూ సార్ అని ఉంది, అది కూడా చెప్పాడు. పరీక్ష హాల్లో బాంబు ఉందని రాసి థాంక్యూ చెప్పిన పిల్ల, సెలవు చీటీ తప్ప ఇంకేదీ రాయడం నేర్పని చదువు. ప్రింటర్ అప్పుడు కదిలింది. కాయితం గీతలు గీతలుగా బయటికి వచ్చింది, ముందు కాలేజీ పేరు, తర్వాత ఫొటోలో నుదురు, కళ్ళు.

సంజన ఏడవలేదు. మొహం పాలిపోయి, కళ్ళు పెద్దవి చేసి మాస్టారి నోటి వైపు చూస్తోంది. ఆరో తరగతిలో కూడా అలాగే చూసేది.

"మాస్టారూ," అంది. "నేను మీ స్కూలుకొచ్చి చెప్తాను. పరీక్ష అవగానే వస్తాను. అందరికీ చెప్తాను, నేనేనని."

తాహిర్ తల తిప్పి ఆ పిల్ల వైపు చూశాడు, నెల తర్వాత ఆయన ఎవరి మొహంలోకైనా అలా చూడడం. కనకదుర్గ చెయ్యి సంజన మోచేతి పైన పడింది. గాజులు చప్పుడయ్యాయి. వేళ్ళు కండలోకి దిగిపోయాయి, ఆ చోట చర్మం తెల్లబడడం సబీహా చూసింది.

"నోరు మూసుకుని పద," అంది కనకదుర్గ. హాల్ టికెట్ తనే లాక్కుంది, సిరా ఇంకా ఆరలేదు, ఫొటో మీద బొటనవేలి ముద్ర పడింది. "చిన్నపిల్ల మాస్టారూ, ఏదో ఆవేశంలో అంటోంది. మీకు తెలియంది కాదు."

"పరీక్ష బాగా రాయమ్మా," అన్నాడు తాహిర్.

వాళ్ళు వెళ్తుంటే సబీహా గుమ్మం దాకా వచ్చింది. గేటు దగ్గర కనకదుర్గ ఆగింది. తల కొంచెం బయటికి పెట్టి, వీధి ఆ చివరా ఈ చివరా చూసింది. ఎవరూ లేరని చూసుకున్నాకే కూతుర్ని బయటికి తీసుకెళ్ళింది. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల ఎక్కుతూ దిగుతూ ఆడుకున్న గేటు. గేటు గొళ్ళెం కూడా వాళ్ళే మెల్లగా వేసి వెళ్ళారు.

తాహిర్ కంప్యూటర్ ముందు నుంచి లేచాడు. చాలా రోజుల తర్వాత వీపు కొంచెం నిటారుగా ఉంది. వరండాలోకి నడిచి, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, తిప్పలేదు. వెనక్కి చూడకుండానే అన్నాడు.

"విన్నావుగా. వచ్చి చెప్తానంది. తనంతట తనే అంది. చాల్లే సబీహా."

ఆయనకి చాలు. తనకి తెలుసు, నిజంగానే ఆయనకి చాలు, ఆ ఒక్క మాట నోట్లో వేసుకుని రేపు స్కూలుకి కూడా వెళ్తాడు. సెంటర్లో టీకొట్టు ముందు మాటలు ఆగిపోతాయి, స్టాఫ్‌రూమ్‌లో ఎవరో పేపరు అడ్డం పెట్టుకుంటారు, క్లాసులో వెనక బెంచీ నుంచి ఎవడో నోటితో ఢాం అంటాడు, మిగతావాళ్ళు నవ్వాపుకుంటారు, ఆయన బోర్డు వైపు తిరిగి పద్యం రాస్తాడు. ఆ పిల్ల ఈ గదిలో అన్న మాట ఈ గదిలోనే ఉంది. దాన్ని విన్నది ముగ్గురు, అందులో ఒకావిడ వినలేదనే అంటుంది, ఎప్పుడడిగినా.

"చాలదండీ," అంది సబీహా.

ఆయన వినిపించుకున్నట్టు లేదు. గట్టిగా, వీధిలోకి వినపడేలా, ఇంకోసారి అంది.